మెడికల్ షాపులో మందు మారితే...
ప్రశ్నలు - జవాబులు

ఒక మందు బదులు మరో మందు ఇచ్చారంటూ ఈ మధ్య వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అత్తగారికి 62 ఏళ్లు. కీళ్లవాతానికి మందులు వాడుతున్నారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ వేసుకోమని డాక్టరు గారు రాశారు. ఈసారి షాపులో ఇచ్చిన రెండు స్ట్రిప్పులూ మెథోట్రెక్సేటేనని ఇవాళే చూశాను. ఆరు రోజులుగా ఆవిడ రోజూ అదే వేసుకున్నారు. నోటి నిండా పుండ్లు, అన్నం మింగలేకపోతున్నారు. షాపుకెళ్లి అడిగితే, "మార్చి ఇస్తానమ్మా, పుండ్లు వేడికి వచ్చుంటాయి, బి కాంప్లెక్స్ వేయండి" అన్నాడు. నిజంగా వేడేనా?
— ఒక కోడలు, తెనాలి

జవాబు: వేడి కాదమ్మా. మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి, ఆవిడను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాను. చేర్చుకున్నారని మీరు చెప్పాక మనసు కుదుటపడింది. ఇక్కడ రాస్తున్నది ఇదే మందు వాడుతున్న మిగతా ఇళ్ల కోసం.

శరీరంలో కొత్త కణాలు తయారవడానికి ఫోలేట్ కావాలి. మెథోట్రెక్సేట్ ఆ ఫోలేట్ పనిని అడ్డుకుంటుంది. వారానికి ఒకసారి, తక్కువ మోతాదులో వేసుకుంటే కీళ్లవాతాన్ని అదుపులో పెట్టే మంచి మందే. రోజూ వేసుకుంటే మాత్రం, కణాలు ఎక్కడ వేగంగా పుడుతుంటాయో అక్కడే ముందు దెబ్బ కొడుతుంది. అంటే నోరు, పేగులు, ఎముకల్లోని మజ్జ. నోట్లో పుండ్లు పైకి కనిపించే గుర్తు మాత్రమే. లోపల తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతూ ఉండవచ్చు. ఆ దశలో జ్వరం వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, ఒంటి మీద ఎర్రటి మచ్చలు తేలినా ప్రాణం మీదికి వచ్చినట్టే. వయసు మళ్లినవారిలో, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో మందు ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

ఆసుపత్రిలో ముందుగా రక్తకణాల లెక్క, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు చేస్తారు. దీనికి విరుగుడు ఉంది. దాని పేరు ఫోలినిక్ యాసిడ్, ల్యూకోవోరిన్ అని కూడా అంటారు. ఇంట్లో ఉండే ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరు, ఇది వేరు. "ఫోలిక్ యాసిడ్ నాలుగు ఎక్కువ వేసేస్తే సర్దుకుంటుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. పుండ్లకనో జ్వరానికనో సొంతంగా నొప్పి మాత్రలు, కోట్రైమోక్సజోల్ యాంటీబయాటిక్ అసలు వాడకూడదు. అవి మెథోట్రెక్సేట్ విషప్రభావాన్ని మరింత పెంచుతాయి.

ఇంకో మాట. "మార్చి ఇస్తాను" అనగానే చాలామంది తప్పుడు స్ట్రిప్పును షాపువాడి చేతిలో పెట్టేసి వస్తారు. పెట్టకండి. ఎన్ని మాత్రలు ఖాళీ అయ్యాయో డాక్టరు లెక్కపెట్టేది దాన్ని చూసే. రేపు ఫిర్యాదు చేయాల్సి వచ్చినా మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే. స్ట్రిప్పు, చీటీ, బిల్లు, మందులు వేసిచ్చిన కవరు, అన్నీ ఒక చోట దాచి, ఫోటోలు తీసి పెట్టుకోండి. అత్తగారు కోలుకున్నాక, డాక్టరు మళ్లీ ఈ మందే కొనసాగించమంటే, చీటీ మీద "సోమవారం మాత్రమే" అన్నట్టు వారం పేరు రాయించుకోండి. ఆ స్ట్రిప్పును మిగతా మందుల డబ్బాలో కాకుండా విడిగా పెట్టండి.

ప్రశ్న: మా నాన్నకు బీపీ తప్ప వేరే జబ్బు లేదు. బీపీ గోళీల బదులు దాదాపు అదే పేరున్న షుగర్ గోళీలు, గ్లిమెపిరైడ్, ఇచ్చారు. మూడో రోజు పొద్దున చెమటలు పట్టి, మాట తడబడి పడిపోయిండు. షుగర్ 38 ఉందన్నారు. రెండు రోజులు ఐసీయూలో ఉండి ఇప్పుడు బాగున్నడు. షాపు ఓనర్ మాకు తెలిసినాయనే. డాక్టర్ రాత అర్థం కాలేదంటున్నడు. ఆసుపత్రి ఖర్చు ఇస్తా, కేసు వద్దంటున్నడు. బిల్లు కూడా మేం తీసుకోలేదు. ఏం చేయాలి?
— పేరు వద్దన్న పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ నాన్నగారు బయటపడ్డారు, అన్నిటికన్నా అది ముఖ్యం. ఈ మాత్ర ప్రభావం ఒక రోజుకు పైనే ఉంటుంది. చక్కెర నీళ్లతో తేరుకున్నట్టు కనిపించినవారు కూడా కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఆసుపత్రిలో ఉంచి చూస్తారు. ఇది చదివేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇక ఓనర్ గారి మాట. డాక్టరు రాత అర్థం కాకపోతే ఫోన్ చేసి అడగాలి, లేదా చీటీ వెనక్కి ఇచ్చేయాలి. ఊహించి ఇచ్చే హక్కు ఫార్మసిస్టుకు లేదు. చీటీ మీద అమ్మాల్సిన మందులను రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. షెడ్యూల్ హెచ్ మందు రాస్తే దాని స్థానంలో మరొకటి ఇవ్వకూడదన్నదీ అందులో ఉన్న నిబంధనే. డాక్టర్ల వైపు తప్పు లేదని నేను అనను. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది. ఎంతమంది పాటిస్తున్నారో మీ ఇంట్లోని పాత చీటీలు తీసి చూస్తే తెలుస్తుంది. అయినా, అర్థం కాని చీటీ చూసి మందు తీసిచ్చినవాడి బాధ్యత దానివల్ల తగ్గదు.

తెలిసినవాడు కదా అన్న మొహమాటం నాకు అర్థమవుతుంది. అర్ధరాత్రి తలుపు తట్టినా మందు ఇస్తాడు, అరువు పెడతాడు. అయినా ఫిర్యాదు చేయమనే చెబుతాను. మీ నాన్నకు జరిగింది రేపు ఆ షాపులోనే ఇంకొకరికి జరగవచ్చు. కౌంటర్లో ఫార్మసిస్టు ఉంటున్నాడా, ఒకే రకం పేర్లున్న మందులు పక్కపక్కనే పెడుతున్నారా అని చూడగలిగేది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఒక్కరే. తెలంగాణలో ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవారు తమ జిల్లా డ్రగ్స్ కంట్రోల్ కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఇవ్వవచ్చు. తేదీ, షాపు పేరు, లైసెన్స్ నంబరు తెలిస్తే అది, చీటీలో ఉన్న మందు, చేతికొచ్చిన మందు, దాని బ్యాచ్ నంబరు, అన్నీ ఒక పేజీలో రాసి, నకళ్లు జతచేసి ఇవ్వండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి. మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మందు ఖరీదు 40 రూపాయలే కదా అనుకోవద్దు. కమిషన్‌కు కట్టే రుసుము మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కొన్న వస్తువు ఖరీదును బట్టి ఉంటుంది. 5 లక్షల లోపైతే రుసుమే లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంది, వకీలు ఉండి తీరాలని లేదు. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది ఒక చోట: ఆ మందు వల్లే జబ్బు చేసిందని చూపలేకపోవడం. అందుకని డిశ్చార్జ్ సమ్మరీలో "షుగర్ పడిపోయింది" అని మాత్రమే ఉంటే, ఏ మాత్ర, ఎన్ని రోజులు పొరపాటున వేసుకున్నారో కూడా రాసిమ్మని డాక్టరు గారిని అడగండి. ఇప్పుడే అడగండి, ఆర్నెల్ల తర్వాత ఆయనకు గుర్తుండదు. బిల్లు లేకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపు, స్ట్రిప్పు మీది బ్యాచ్ నంబరు, ఓనర్ పంపిన వాట్సాప్ సందేశాలు, అన్నీ పనికొస్తాయి. ఇకమీద మాత్రం బిల్లు లేకుండా మందు కొనకండి. బ్యాచ్ నంబరుతో సహా బిల్లు ఇవ్వడం షాపు బాధ్యత, మనకు చేసే ఉపకారం కాదు.

ఆసుపత్రి ఖర్చు ఇస్తానంటే తీసుకోవడంలో తప్పు లేదు. అది మీకు రావాల్సిందే. డబ్బు అందినట్టు రసీదు ఇవ్వండి, అంతే. "ఇక ఎక్కడా ఫిర్యాదు చేయము" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

ప్రశ్న: చీటీలో ఒక కంపెనీ మందు ఉంటే షాపులో వేరే కంపెనీది ఇచ్చి "రెండూ ఒకటే" అన్నారు. ఇది కూడా తప్పు మందేనా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు కింద అసలు మందు పేరు, దాని పక్కన మిల్లీగ్రాములు ఉంటాయి. ఆ రెండూ చీటీతో సరిపోతే సాధారణంగా ప్రమాదం లేదు. జన ఔషధి కేంద్రాల్లో దొరికేవీ అలాంటివే. కాకపోతే డాక్టరును అడగకుండా మార్చడం నిబంధనకు విరుద్ధం. మూర్ఛ మందులు, థైరాయిడ్ మందులు, రక్తం పలచబరిచే మందుల విషయంలో మటుకు "రెండూ ఒకటే" అన్న మాటతో సరిపెట్టుకోకుండా డాక్టరును అడగండి. పేరు చివర ఉండే ఎం, ఎస్ఆర్, ఫోర్టే లాంటి తోకలు కూడా చూడండి. తోక మారితే మందూ మారుతుంది.

ప్రశ్న: మా పాపకు ఏడాది, పది కిలోలుంది. జ్వరానికి పారాసెటమాల్ సిరప్ 5 ఎంఎల్ ఇవ్వమన్నారు. షాపులో డ్రాప్స్ ఇచ్చారు. రెండూ ఒకటే అనుకుని అదే 5 ఎంఎల్ రెండుసార్లు పోశాను. తర్వాత మా పిల్లల డాక్టరుకు అనుమానం వచ్చి పరీక్షలు చేయించారు. పాప బాగుంది. నా చేత్తో నేనే పోశానని నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ఈ తప్పు మీది కాదు. డాక్టరు చెప్పిన కొలతే మీరు పోశారు. సీసా మారిన సంగతి చెప్పాల్సినవారు చెప్పలేదు. మామూలు సిరప్‌లో 5 ఎంఎల్‌కు 125 మిల్లీగ్రాములుంటే, డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములుంటాయి. అంటే నాలుగు రెట్లు చిక్కన. 250 మిల్లీగ్రాముల సిరప్ కూడా ఉంది కాబట్టి, చెంచాల లెక్క చూసే ముందు సీసా మీది అంకె చూడాలి.

ఇలా జరిగితే, పిల్ల ఆడుకుంటోంది కదా అని ఊరుకోకూడదు. పారాసెటమాల్ ఎక్కువైతే కాలేయానికి జరిగే హాని మొదటి రోజు పైకి కనిపించదు. విరుగుడు మందు మొదటి 8 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. దారిలో సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800-116-117. పగలూ రాత్రీ పలుకుతారు.

ప్రశ్న: నేను ఒక మెడికల్ షాపులో పనిచేస్తాను. డి ఫార్మసీ చదవలేదు, పనిలోనే నేర్చుకున్నాను. నాలుగు రోజుల క్రితం ఒక పెద్దావిడకు థైరాక్సిన్ 25 మైక్రోగ్రాముల సీసా బదులు 100 ఇచ్చానని స్టాకు చూస్తుంటే తెలిసింది. ఓనర్‌కు చెబితే "ఆమె రాలేదుగా, ఊరుకో" అన్నారు. నాకు భయంగా ఉంది.
— ఊరు, పేరు రాయలేదు

జవాబు: తమ్ముడూ, భయం వేసిందంటే నీకు ఆవిడ క్షేమం పట్టిందనే. ఊరుకోమన్న మాట వినకు. ఆవిడ రోజూ నాలుగింతల మోతాదు వేసుకుంటోంది. గుండె జబ్బున్న పెద్దవారికైతే గుండెదడ, ఛాతీ నొప్పి రావచ్చు. ఈ మందు ఒంట్లోంచి సగం పోవడానికే వారం పడుతుంది. ఇవాళ బాగుంది కాబట్టి రేపూ బాగుంటుందని చెప్పలేం.

ఫోన్ చేసి నేరుగా చెప్పు: "అమ్మా, మేం మీకు ఎక్కువ పవర్ సీసా ఇచ్చాం, తప్పు మాదే. ఇక అది వేసుకోకండి, ఇవాళే మీ డాక్టరుకు చూపించండి." మళ్లీ ఎప్పుడు, ఎంత మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి, నువ్వు చెప్పకు. ఆ సీసా పారేయకుండా డాక్టరుకు చూపించమను. ఫోన్ నంబరు లేకపోతే చీటీ రాసిన క్లినిక్‌లో కనుక్కో. ఇలాంటి పొరపాట్లను, మందుల దుష్ఫలితాలను జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం వారికి 1800-180-3024లో పనివేళల్లో తెలియజేయవచ్చు. రోగులూ, వారి ఇంటివారూ కూడా చేయవచ్చు.

చీటీ చూసి మందులివ్వడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పని అని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడదీసి, మనిషి లేకుండా షాపు నడుపుతున్న మీ ఓనర్ తప్పు నీ తప్పుకన్నా పెద్దది. ఆ కోర్సు చదివే వీలుంటే చదువు. అప్పటిదాకా ఫార్మసిస్టు చూడకుండా ఏ చీటీకీ మందు ఇవ్వకు. ముందు మాత్రం ఆవిడకు ఫోన్ చెయ్యి. రేపటిదాకా ఆగొద్దు.