కాలవ గుంట - మెదడు నరం - నడుమ ఒక వల

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మాది పెన్న డెల్టాలో చిట్టచివరి ఊరు. కాలవ నీళ్లు మా కయ్యలు దాటాయంటే ఇక ఉప్పుటేరే, ఆపైన సముద్రం. నా చిన్నప్పుడు మా చేని పక్కన కాలవ గట్టు కోసుకుపోయి, పొట్టలాంటి గుంట పడింది. ప్రవాహం నేరుగా పోతున్నట్టే కనబడేది. ఊక చల్లి చూస్తే తెలిసేది అసలు సంగతి: కొంత నీరు గుంట దిగువ అంచుకు కొట్టుకొని లోపలికి తిరిగి, సుడి చుట్టి, ఎగువ అంచు దగ్గర బయటపడేది. తిరిగినకొద్దీ గట్టు పలచబడేది. గండి పడుతుందని నాయన గుంట మూతికి తుమ్మకంప అడ్డం పాతాడు. సుడి మందగించింది. నిలిచిన నీళ్లలో ఒండ్రు దిగింది. రెండు కార్లు తిరిగేసరికి గుంట పూడింది.

మూడేళ్ల కిందట మా పెద్దమ్మ నాట్లేస్తూ, "తల పగిలిపోతా ఉందిరా అబ్బయ్యా" అని గట్టుమీద కూలబడింది. పైత్యం అనుకొని మజ్జిగ తాపాము. వాంతులయ్యాయి, మెడ బిగుసుకుపోయింది. మరునాడు గాని నెల్లూరు తీసుకుపోలేదు. మెదడులో నరం బుడగలా ఉబ్బి చిట్లిందన్నారు. మూడోరోజు పోయింది. ఉన్నట్టుండి ఎన్నడూ ఎరగని తలనొప్పి, దానితో వాంతులు, మెడ బిగుసుకోవడం చూస్తే ఒక్క గంట కూడా ఆగకూడదని అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మనవాళ్లు నరం అంటారు గాని అది ధమని. ఆ బుడగ పేరు ఎన్యూరిజం. పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఉంటుందని అంచనా. చాలామందిలో చిట్లదు, ఉన్నట్టే తెలియదు. చిట్లకముందే కనిపెడితే చేసే చికిత్సల్లో ఒకటి మా నాయన పాతిన కంపకు స్వయానా అన్న! సన్నని లోహపు తీగలతో అల్లిన గొట్టంలాంటి వలను సాధారణంగా తొడ దగ్గరి ధమనిలోంచి ఎక్కించి, బుడగ మూతికి అడ్డంగా అసలు ధమనిలో పరుస్తారు. దీన్ని ఫ్లో డైవర్టర్ అంటారు. 2011లో అమెరికాలో అనుమతి పొందిన పైప్‌లైన్ అనే రకంలో 48 తీగలుంటాయి, ఒక్కొక్కటి తలవెంట్రుకకన్నా సన్నం.

స్టెంటు అనగానే మనకు గుండె గుర్తుకొస్తుంది. 1990లలో హైదరాబాదులో డాక్టర్ బి. సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి తక్కువ ఖర్చుతో రూపొందించిన కలాం-రాజు స్టెంటు గుండెకే. 1980లో మన శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3ని విజయవంతంగా పంపిన కలాంగారే ఈయన. (శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాకు పోయింది గాని మాకింకా నెల్లూరిదే.) అయితే గుండె స్టెంటు పూడిన దారిని తెరిచి పట్టుకొంటుంది. మెదడులోని వల తెరుచుకొన్న గుంటకు ప్రవాహం తగ్గిస్తుంది. పని తలకిందులు. అందుకే మామూలు స్టెంటులో లోహం సుమారు పదో వంతు గోడను కప్పితే, ఇందులో మూడో వంతు దాకా కప్పుతుంది.

అలాగైతే మొత్తం కప్పెయ్యరాదా? అక్కడే ఉంది చిక్కు. ఆ పక్కనే మెదడుకు రక్తమిచ్చే సన్నని కొమ్మలుంటాయి, అవి మూసుకుపోతే పక్షవాతమే. మరి ఒకే వల గుంటను ఆపి కొమ్మను ఎలా వదులుతుంది? కాలవే చెబుతుంది. గుంటకు వేరే దారి లేదు, లోపలి నీటిని తిప్పేది మూతి దగ్గరి ఒరిపిడే, దాన్ని కంప తగ్గించేస్తుంది. పిల్లకాలవకు అవతల దిగువన చేను ఉంది. అది నీటిని లాగుతూనే ఉంటుంది, కంప సందుల్లోంచి పారుతూనే ఉంటుంది. కొమ్మకు అవతల పీడనం తక్కువ, బుడగకు అవతల అంటూ ఏమీ లేదు.

ఎంత దట్టంగా అల్లాలో తేల్చడానికి ప్రయోగశాల కావాలి. ధమని ఆకారంలో పారదర్శకమైన సిలికోన్ గొట్టం పోతపోస్తారు. రక్తం గుండా చూపు పోదు, పైగా గడ్డకడుతుంది. 1840 ప్రాంతంలో పాయిజ్వీ అంతటివాడు కూడా రక్తప్రవాహం తెలుసుకోవాలని మొదలుపెట్టి, అది గడ్డకట్టే బాధకు కేశనాళికల్లో నీళ్లే పారించాడు. మనం ప్రాక్టికల్స్‌లో చేసేది ఆ ప్రయోగమే. ఇప్పుడు నీళ్లలో గ్లిసరిన్ కలుపుతారు. బరువులో 40 శాతం కలిపితే స్నిగ్ధత దాదాపు రక్తానిదే. కానీ వక్రీభవన గుణకం సిలికోన్‌కు సరిపోక గోడల దగ్గర బొమ్మ వంకరపోతుంది. 60 శాతం కలిపితే గొట్టం కంటికి మాయమవుతుంది, స్నిగ్ధత మాత్రం మూడింతలవుతుంది.

ఈ చిక్కు తీర్చేది రెనాల్డ్స్ సంఖ్య. 4 మిల్లీమీటర్ల ధమనిలో సెకనుకు 0.3 మీటర్ల వేగంతో, 1060 సాంద్రత, 0.0035 స్నిగ్ధత (ఎస్.ఐ. ప్రమాణాల్లో) గల రక్తానికి లెక్క కట్టండి: సుమారు 363. 2000కు చాలా దిగువ, అంటే ధారారేఖా ప్రవాహమే. గొట్టాన్ని రెండింతలు చేసి, 60 శాతం ద్రవాన్ని సెకనుకు 0.42 మీటర్ల వేగంతో తోస్తే మళ్లీ అదే 363. అయితే గుండె కొట్టుకొంటుంది గదా! వోమర్స్‌లీ సంఖ్య కూడా కలవాలి. దానికి నిమిషానికి 72 సార్లకు బదులు పంపు 51 సార్లే కొట్టాలి. (ఈ లెక్క నేనే వేశాను. తప్పుంటే అధ్యాపకులు దిద్దుదురు గాక.)

తర్వాత మిగిలింది నా ఊక ప్రయోగమే. ద్రవంలో సూక్ష్మమైన పూసలు కలిపి, పలచని లేజరు తెర వేసి, రెప్పపాటులో రెండు ఫొటోలు తీస్తారు. పూస జరిగిన దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. 1997లో లీబర్, స్టాంకంపియానో, వాఖ్లూ అనే ముగ్గురు వల సందులు మారుస్తూ గుంటలో ప్రవాహం ఎలా మారుతుందో ఇలాంటి నమూనాల్లో పరిశీలించి ప్రకటించారు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది వంపు. మెదడు ధమనులు పాములా మెలికలు. వలను వంచితే వంపు లోపలివైపు తీగలు దగ్గరవుతాయి, బయటివైపు సందులు విచ్చుకొంటాయి. బుడగలు తరచు బయటివైపే ఉంటాయి! తిన్నని గొట్టంలో బాగా పనిచేసిన వల అక్కడ పలచబడవచ్చు. రొయ్యల గుంట గొట్టానికి వల చుట్టిన మా బావకు ఇది చెబితే, "మడత దగ్గర కన్ను పెద్దదవుతుందని మాకు తెలీదా" అన్నాడు.

వల పరిచాక బుడగలో రక్తం గడ్డకట్టి, మూతి మీద కొత్త పొర పెరిగి పూడడానికి నెలలు పడుతుంది. అందాకా వలలోనే గడ్డ కట్టకుండా రక్తం పలచబడే మందులు వాడాలి. అప్పుడే చిట్లిన బుడగకు ఆ మందులు ప్రమాదం గనక, అలాంటివారికి సాధారణంగా మొదట దీన్ని ఎంచుకోరు. అంటే మా పెద్దమ్మకు ఆనాడు ఈ వల పనికొచ్చేది కాదేమో. అంతకు నెల ముందు పనికొచ్చేది.