సైకాలజిస్ట్ దగ్గర అన్నీ చెప్పొచ్చా?

ప్రశ్న: గుండెదడ, నిద్రలేమి. పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. డాక్టర్ సైకాలజిస్ట్‌ను కలవమన్నారు. పూజలు మానమంటారేమో, అత్తమామల నుంచి వేరుపడమంటారేమోనని భయం.
– ఓ సోదరి, కరీంనగర్

జవాబు: ఆ భయం వద్దమ్మా. మంచి సైకాలజిస్ట్ తీర్పులివ్వరు. ‘ఈ దడ ఎందుకొస్తోందని మీరనుకుంటున్నారు? ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు? ఇంతవరకూ దేనితో ఊరట కలిగింది?’ అని ముందు మిమ్మల్నే అడుగుతారు. దిష్టి తీయించుకున్నా, మొక్కుకున్నా దాచకుండా చెప్పండి. పూజతో మనసు కుదుటపడుతుంటే దాన్నీ చికిత్సలో కలుపుకోవచ్చు. ఏం మారాలో మీరూ, సైకాలజిస్టూ కలిసే నిర్ణయిస్తారు. అత్తమామలను పిలవాలా వద్దా అన్నది మీ ఇష్టం. ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప మీ వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పద్ధతి నచ్చకపోతే మొహమాటపడకండి, చెప్పేయండి. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.