నీళ్ళ పక్కన కాపురం

వచ్చే నెల మా చెల్లెలి కొడుకూ కోడలూ లూయిసియానాకి, మా న్యూ ఆర్లియన్స్ పక్కకే, కాపురానికి వస్తున్నారు. నేను 1986లో ఇక్కడికొచ్చినప్పుడు చెప్పేవాళ్ళు లేక, ప్రతిదీ ఎదురుదెబ్బ తిన్నాకే తెలుసుకున్నాను. వాళ్ళకి ఆ తిప్పలు రాకూడదని కూర్చుని రాసినవి ఇవి. ఈ రాష్ట్రానికి కొత్తగా వచ్చే మన పిల్లలెవరికైనా పనికొస్తాయి.

1. ముందు పలకరించండి, పని తరవాత అడగండి.

ఇక్కడ కొట్లో సరుకు కొనబోయినా సరే, ముందు క్షేమం అడగాలి. "మీ అమ్మా వాళ్ళూ ఎలా ఉన్నారు" అన్నది ఈ ఊరి పలకరింపు. అమ్మని వాళ్ళు చూసి ఉండనక్కర్లేదు. పెద్దవాళ్ళని వట్టి పేరుతో పిలవరు. ఆడవాళ్ళ పేరు ముందు మిస్, మగవాళ్ళ పేరు ముందు మిస్టర్ చేరుస్తారు. మనం పేరు తరవాత గారు అంటామే, అదే మర్యాద. ఇంకో రెండు మాటలు: మిగతా రాష్ట్రాల్లో కౌంటీ అనేదాన్ని ఇక్కడ పారిష్ అంటారు, మొత్తం 64 ఉన్నాయి. రోడ్డు మధ్య ఎత్తుగా ఉండే గడ్డి మెట్టని న్యూట్రల్ గ్రౌండ్ అంటారు. కుండపోత వాన పడే రాత్రి మీ కారుని కాపాడేది ఆ మెట్టే.

2. గంబో నేర్చుకోండి. ఓపిక చాలకపోతే ఆ రోజు మొదలుపెట్టకండి.

గంబో అన్న మాట ఆఫ్రికా భాషల్లో బెండకాయ పేరులోంచి వచ్చింది. బానిసలుగా తెచ్చినవాళ్ళ భాషలో మాట అది, ఇవాళ ఈ రాష్ట్రానికే ముఖ్యమైన వంటకమైంది. నాకు నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె, మైదా సమంగా వేసి సన్న సెగ మీద ముప్పావు గంట కలపాలి. గరిట ఆపకూడదు, ఫోను తీయకూడదు. ముందు గోధుమ రంగు, తరవాత వేయించిన వేరుశనగ పలుకు రంగు, ఆఖరికి నల్లబెల్లం రంగు వస్తుంది. దీన్నే రూ అంటారు. మొదటిసారి నేను పక్కకి తిరిగినంతలో అడుగున నల్ల చుక్కలు పడ్డాయి. పైపైన తీసేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. గిన్నెంతా పారబోయించి, నా చేతిమీద తన చెయ్యి వేసి మళ్ళీ మొదటినుంచీ కలిపించింది. ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం ఆ వేడి రూలో పడగానే వచ్చే వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. రొయ్యల తలలూ తొక్కలూ పారెయ్యకండి. వాటిని మరగబెట్టి వడకట్టిన నీళ్ళే పులుసుకి ప్రాణం. రొయ్యలు మాత్రం దించే ముందు వెయ్యాలి. బెండకాయలు విడిగా వేయించి జిగురు పోగొట్టుకోవడం మీకు చెప్పక్కర్లేదు కదా. తినడం వేడన్నంలోనే.

3. సోమవారం ఎర్ర బీన్సూ అన్నం.

ఇది పాతకాలపు చాకిరేవు రోజు వంట. ఆదివారం మిగిలిన మాంసపు ఎముకతో బీన్సు పొయ్యిమీద పెట్టేసి బట్టలుతుక్కునేవాళ్ళు. ఎముక వద్దనుకుంటే మన రాజ్‌మాలాగే వండుకోవచ్చు. సోమవారం ఆఫీసులో ఏం తిన్నారని అడిగితే ఆ పేరు చెప్పండి, మీ ముందు కుర్చీలు చేరతాయి.

4. మీరొచ్చేసరికి క్రాఫిష్ రోజులు.

మార్చి నుంచి మే దాకా బాగా దొరుకుతాయి. రొయ్యకీ పీతకీ మధ్యస్థంగా ఉంటుంది. క్రౌలీ వైపు ఒకసారి వెళ్ళండి. వరి కోశాక అదే చేలో నీళ్ళు పెట్టి వీటిని పెంచుతారు. మడులు, గట్లు, కొంగలు చూసి మొదటిసారి నేను కారు ఆపించుకుని గట్టుమీద నిలబడ్డాను. దివిసీమ పిల్లని, నాకు అంతకన్నా ఏం కావాలి? ఎవరైనా క్రాఫిష్ ఉడకబెడుతున్నామని పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. కాగితాలు పరిచిన బల్లమీద మొక్కజొన్న కంకులతో, బంగాళాదుంపలతో కలిపి గుమ్మరిస్తారు. చుట్టూ నిలబడి చేత్తో వలుచుకు తినడమే. నాలుగేళ్ళలో కుదరని స్నేహం ఆ బల్ల దగ్గర ఒక్క సాయంత్రంలో కుదురుతుంది.

5. మే నెలలో ఉసుళ్ళు వస్తాయి. దీపాలు ఆర్పెయ్యండి.

మన ఊళ్ళో తొలకరికి ఉసుళ్ళొస్తే పిల్లలకి పండగ. ఇక్కడివి ఫార్మోసా చెదలు, ఇంటి దూలాలు తినేస్తాయి. ఆసియా నుంచి ఓడల్లో వచ్చాయి. ఏడాదికోసారి చెదల తనిఖీ చేయించండి, ఖర్చని వాయిదా వెయ్యకండి.

6. ఇంటి బీమా కాగితం చివరిదాకా చదవండి.

ఇక్కడ అందరి కష్టం ఇదే. మామూలు ఇంటి బీమాలో వరద నష్టం ఉండదు. వరదకి వేరే పాలసీ తీసుకోవాలి. ప్రభుత్వ పథకంలో అది సాధారణంగా 30 రోజుల తరవాతే అమల్లోకి వస్తుంది కాబట్టి తుపాను టీవీలో కనపడ్డాక కొని లాభం లేదు. ఇంటికి వేరు, ఇంట్లో సామానుకి వేరు. అద్దెకున్నా సామానుకి తీసుకోండి. పేరుపెట్టిన తుపానుకి మీరు ముందు భరించాల్సిన మొత్తం ఇంటి బీమా విలువలో శాతంగా ఉంటుంది. ఆ శాతం ఎంతో సంతకానికి ముందే అడగండి. 2021లో ఐడా తుపాను తరవాత నా పాలసీ ఉన్న కంపెనీ మూతపడింది. కప్పు మీద టార్పాలిన్‌తో ఆ శీతాకాలమంతా గడిపాను. ఫోను చేసినప్పుడల్లా కొత్త గొంతు, మొదటినుంచీ చెప్పుకోవడం. మళ్ళీ దొరికిన పాలసీకి రెట్టింపు పైనే కడుతున్నాను. ఇల్లు కొనేటప్పుడు ఏజెంటు మాటతో సరిపెట్టుకోకుండా వీధిలో ముసలివాళ్ళని పట్టుకుని "నీళ్ళు ఎందాకా వచ్చాయి" అని అడగండి. గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తారు. కొన్నాక పారిష్ అసెసర్ ఆఫీసులో హోమ్‌స్టెడ్ మినహాయింపుకి దరఖాస్తు చెయ్యండి. ఇంటి విలువలో మొదటి 75,000 డాలర్లకి పారిష్ పన్ను తప్పుతుంది, కానీ అడగనిదే ఇవ్వరు.

7. వెళ్ళమంటే వెళ్ళిపోండి.

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, పెళ్ళి ఫోటోలు ఒక సంచిలో సర్ది తలుపు పక్కనే పెట్టుకోండి. కారులో సగం ట్యాంకుకి తక్కువ ఎప్పుడూ ఉంచకండి.

2005లో కత్రినా వచ్చినప్పుడు ఆగస్టు 28 ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. హ్యూస్టన్ మామూలుగా ఆరు గంటల లోపు ప్రయాణం. ఆ రోజు పదహారు గంటలు పట్టింది. మర్నాడు కట్టలు తెగి ఊరు 80 శాతం మునిగింది. అక్టోబరులో తిరిగొస్తే మా హాల్లో గోడమీద నడుం ఎత్తున గోధుమరంగు గీత. వీధి పొడుగునా తలుపులకి టేపు చుట్టిన ఫ్రిజ్‌లు నిలబెట్టి ఉన్నాయి. కరెంటు పోయిన నెల తరవాత ఫ్రిజ్ తెరవకూడదు, అలాగే టేపేసి బయట పెట్టాలి. నాకు తెలియక తెరిచాను. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఆల్బములు ముద్దయిపోయాయి. వంటింటి బురదలో చెయ్యి పెట్టి తడిమితే స్టీలు గిన్నె తగిలింది. కొళాయి కింద పెట్టి తోమాను. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన మా అమ్మ పేరు బయటపడింది. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత మా ఊరి ఇంట్లో అమ్మ ఇదే గిన్నెని బురదలోంచి తీసి పమిటతో తుడిచింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, పక్కనే నిలబడి చూశాను. మా వీధిలో సగం ఇళ్ళ వాళ్ళు లేరు. అమ్మ ఏడవలేదు, పొయ్యి ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసింది. నేను మాత్రం ఇక్కడ సింకు పట్టుకుని ఏడ్చాను. గొంతు విని పక్కింటావిడ లోపలికొచ్చింది. ఆవిడ ఇల్లు మాకన్నా పల్లంలో ఉంది, ఆవిడకి మిగిలింది ఇంకా తక్కువ. ఇద్దరం మెట్లమీద కూర్చుని రెడ్ క్రాస్ వాళ్ళిచ్చిన అన్నం తిన్నాం.

8. కొసరు తీసుకోండి, కొసరు పెట్టండి.

ఈ ఊళ్ళో లాన్యాప్ అనే మాట వింటారు. కొన్నదానికి మించి కొట్టువాడు చేతిలో పెట్టేది, అచ్చంగా మన కొసరు. ఈ మాట విన్నరోజునే ఇక్కడ ఉండగలననుకున్నాను. పక్కింటావిడ దడి మీద మిర్లిటన్ పాదు ఉండేది. అదే మన బెంగళూరు వంకాయ. వరదకి పాదు కుళ్ళిపోయింది. తరవాత ఎవరి దగ్గరో కాయ సంపాదించి మళ్ళీ పెట్టింది. ఈ తీగకి విత్తు విడిగా ఉండదు, మొలకెత్తిన కాయనే పాతాలి. మొన్న శీతాకాలంలో సంచెడు కాయలిచ్చి, పైన ఇంకోటి పెట్టింది. కొత్తగా వచ్చే పిల్లలకట. పప్పులో వేసుకోకుండా దాన్ని వంటింటి కిటికీలో ఉంచాను. మొలక రెండంగుళాలైంది. ఎండ తగిలే దడి ఉన్న ఇల్లు చూసుకోండి.