ఆటలోని వరి, మడిలోని వరి

మీ ఇంటి కుర్రవాడు ఆట పెట్టె చేతబట్టుకొని కూర్చున్నప్పుడు "చేనికి నీరు కట్టరా అంటే కదలడు" అని మీరు కోపగించుకొనుట సహజమే. కాని అతడు ఆడుచున్నది "సకునా: ఆఫ్ రైస్ అండ్ రూయిన్" అను ఆట అయినచో, ఒక్క నిమిషమాగి తెర వైపు చూడుడు. అందులో అతడు నీరే కట్టుచుండవచ్చును.

ఈ ఆట 2020 నవంబరులో జపానులో వెలువడినది. ఎడెల్‌వైస్ అను మిక్కిలి చిన్న బృందము దీనిని తయారు చేసినది. సకునా పంటల దేవత. తప్పు చేసి, శిక్షగా రాక్షసులుండు ద్వీపమునకు పంపబడి, అక్కడ ఒక మడిలో తన తిండి తాను పండించుకొనవలసి వచ్చును. రాక్షసులతో పోరాడుటకు ఆమెకు వచ్చు బలము ఆ మడిలో పండిన వరిని బట్టియే యుండును. అందుచేత ఆడువానికి పంట పాడైన బాధ కొంత తెలియును.

ఆట వెలువడిన దినములలో జపానులో ఒక వింత జరిగినది. పార పట్టి యెరుగని పట్టణపు యువకులు పంట బాగుచేసుకొను దారి వెదకుచు, తమ దేశపు వ్యవసాయ మంత్రిత్వ శాఖవారు వరిసాగును గూర్చి ప్రకటించిన పుటలను చదువ నారంభించిరి. మేము వ్రాయు కరపత్రములు పొట్లములు కట్టుటకు పోవుట చూచిన నావంటి వానికి ఈ వార్త ఎంత సంతోషము కలిగించినదో చెప్పనక్కరలేదు.

ఆటలో విత్తనమును ఉప్పునీటిలో వేసి తాలును వేరు చేయవచ్చును. ఇది కల్పన కాదు. 1882లో జపాను శాస్త్రజ్ఞుడు యొకోయి తొకియోషి రూపొందించిన పద్ధతి ఇది. మనము కూడ చేయదగినదే. నీటిలో ఉప్పు కలుపుచు, అందులో వేసిన తాజా కోడిగుడ్డు పైకి తేలి దాని నెత్తి చిన్న నాణెమంత కనబడినప్పుడు ఆపవలెను. తేలిన గింజలను తీసివేసి, మునిగిన వానిని మంచినీటితో రెండు మూడు సార్లు కడుగుట మరువకూడదు. ఉప్పు మిగిలినచో మొలక దెబ్బతినును.

నాటు కూడ మన కూలి స్త్రీలవలెనే వెనుకకు నడచుచు వేయవలెను. ఎడము తప్పినచో ఫలితము తగ్గును. మనకు ఖరీఫులో చదరపు మీటరునకు 33, రబీలో 44 కుదుళ్లు ఉండవలెనని సిఫారసు. ప్రతి రెండు మీటర్లకు ఒక కాలిబాట వదలుడని చెప్పిన వెంటనే "స్థలము వృథా గదా" అను రైతులు నేటికిని గలరు.

ఎరువు విషయములో ఆకునకు, గింజకు, వేరునకు అని పోషకములను మూడుగా విభజించినారు. మన నత్రజని, భాస్వరము, పొటాషు లెక్కయే. నూర్పిడికి మొదట వెన్నును రెండు పుల్లల నడుమ పెట్టి లాగవలెను. ఆ పని రెండేండ్లు చేసిన తరువాత ఆడువానికి యంత్రము విలువ బాగుగా తెలియును.

అయితే ఈ ఆట నాకు నచ్చినది ముఖ్యముగా నీటి విషయములో. మడవలు తెరచి మూసి, ఏ దశలో ఎంత నీరుండవలెనో ఆడువాడే నిర్ణయించుకొనవలెను. నిండుగా నీరుండుటయే మంచి సేద్యమని మనలో చాలమంది నమ్మకము. నాటునప్పుడు పలుచగా నీరుండిన చాలును. తరువాత పిలకలు వేయునంత కాలము రెండు మూడు సెంటీమీటర్లకు మించనక్కరలేదు. లోతు నీటిలో పిలకలు తగ్గును. కావలసినన్ని పిలకలు వచ్చిన పిమ్మట మడిని కొన్ని దినములు ఆరబెట్టినచో, వెన్ను తీయని వ్యర్థపు పిలకలు ఆగి, వేళ్లకు గాలి తగిలి అవి లోతుకు దిగును. సన్నని నెర్రెలు కనబడగానే తిరిగి నీరు పెట్టవలెను. చిరుపొట్ట దశ నుండి గింజ పాలు పోసుకొను వరకు మాత్రము నీటి ఎద్దడి రానీయకూడదు. కోతకు వారము పది దినముల ముందు నీరు తీసివేయవలెను. చౌడు నేలలను ఎన్నడును ఆరబెట్టకూడదు. ఉప్పు పైకి తేలును.

ఆటలో లేని సంగతులు రెండు గలవు. అందులో ఒక్కొక్క ఋతువు మూడు దినములే. పన్నెండు దినములలో సంవత్సరము తిరిగి వచ్చును, చెడిన పంటను మరుసటి యేట దిద్దుకొనవచ్చును. అప్పు ఇచ్చినవాడు వాకిట నిలువడు. రెండవది, పై రైతు నీరు వదలునా లేదా అను చింత సకునాకు లేదు. ఆమె మడి ఆమెదే, నీరు ఆమెదే.

పోయిన ఖరీఫులో ఒక గ్రామమున పొలము చూచుటకు పోయినప్పుడు, ఇంటరు చదువుచున్న కుర్రవాడు తండ్రితో "నాన్నా, పిలకలు చాలు, నీళ్లు తీసేద్దాం" అనెను. తండ్రి నావైపు తిరిగి "వీడికెవరు చెప్పారండీ?" అని అడిగెను. ఆట చెప్పినదని తెలిసి ఆయన మొగము చిట్లించెను. వాడు చెప్పినది సరియైనదే. కాని ఆ చేను కాలువ చివరనున్నది. వంతు తప్పినచో పది దినముల వరకు నీరు రాదు, అంతలో పైరు చిరుపొట్టకు వచ్చును. కాబట్టి అక్కడ నీరు తీయవద్దని చెప్పితిని. వారికి బోరు క్రింద పది సెంట్ల మడి వేరుగా గలదు. దానిని ఆరబెట్టి చూడుడనగా తండ్రి కొంత సేపు గడ్డము గోకుకొని ఒప్పుకొనెను. దినమునకు రెండు మార్లు పోయి నెర్రె చూచి, సమయమునకు మోటారు వేయు పని కుర్రవానికి అప్పగించెను.