కాస్త మొహమాటం తగ్గించుకుందామా?

ఆదివారం పొద్దున్నే ఆడపడుచు ఫోన్. "వదినా, మధ్యాహ్నానికి ఎనిమిది మందిమి వస్తున్నాం. నీ చేతి పులిహోర తిని ఎన్నాళ్లయిందో!" నడుం పట్టేసి పడుకున్న మనం ఏమంటాం? "అయ్యో, దానిదేముంది, రండి!" అంటాం. ఫోన్ పెట్టేశాక వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం కాస్త ఎక్కువవుతుంది.

ఒప్పుకోవడం మన మంచితనమే అనుకుంటాం గానీ, లోపల ఉన్నది భయం కదూ? కాదంటే ఏమనుకుంటారో, మాట్లాడ్డం మానేస్తారేమోనని. చిన్నప్పుడు 'ఎదురు చెప్పని పిల్ల' అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు కోసమే ఇప్పటికీ పరుగెడుతున్నాం.

"దీనికి కూడా సైకాలజిస్టు కావాలా అక్కా?" అనకు. నిద్ర పట్టకపోయినా, ఇంట్లో ఊరికే చిరాకు పడుతున్నా, ఒకసారి వెళ్లి కూర్చో. అక్కడ నీతులేం చెప్పరు. ముందు ఒక నోట్‌బుక్ పెట్టమంటారు. ఎవరు ఏం అడిగారు, ఆ క్షణంలో మనసులో ఏం మెదిలింది, ఏం జవాబిచ్చాం అని రాయడమే. నాలుగు పేజీలయ్యేసరికి ఒకటే మాట పదేపదే కనిపిస్తుంది: 'కాదంటే నా మీద మనసు విరిగిపోతుంది.' అది నిజమో కాదో చిన్నచిన్న చోట్ల పరీక్షించి చూడమంటారు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఇదో ముఖ్యమైన పద్ధతి.

తేలికైనవి కింద, కష్టమైనవి పైన పెట్టి నిచ్చెనలా రాసుకుంటాం. చీరల షాపులో కుర్రాడు ముప్ఫై చీరలు విప్పి పరిచాక "నచ్చలేదండీ" అని లేచి రావడం అడుగుమెట్టు. తోటికోడలు పెళ్లికని మన హారం అడిగితే ఇవ్వలేననడం పైమెట్టు. పైమెట్టు ఎక్కే ముందు సైకాలజిస్టే తోటికోడలిగా మారి అడుగుతారు, మనం జవాబు చెప్పి అలవాటు చేసుకుంటాం. నవ్వొచ్చినా సరే, నోరు తిరగాలి కదమ్మా!

ఎదుటివాళ్లు వదలకపోతే? 1975లో అమెరికన్ సైకాలజిస్టు మాన్యుయెల్ స్మిత్ 'వెన్ ఐ సే నో, ఐ ఫీల్ గిల్టీ' అనే పుస్తకంలో తేలికైన ఉపాయం చెప్పాడు. గొంతు పెంచకుండా అదే మాట మళ్లీ మళ్లీ అనడం. "ఈ ఆదివారం కుదరదమ్మా." "అవును, అయినా ఈ ఆదివారం కుదరదు." కారణాలు ఏకరువు పెట్టావా, ఒక్కోదానికీ వాళ్ల దగ్గర ఒక పరిష్కారం ఉంటుంది!

కాదన్నాక గుండె పీకుతుంది, తెలుసు. వెంటనే ఫోన్ చేసి "సర్లే, వచ్చేయండి" అనకు. కాసేపు ఓర్చుకుంటే ఆ బాధ దానంతటదే దిగుతుంది. ఓర్చుకున్నకొద్దీ తొందరగా దిగడం నేర్చుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. ఎదురు చెబితే చెయ్యి చేసుకునే మనిషి ఇంట్లో ఉంటే ఈ ప్రయోగాలు ఒంటరిగా మొదలుపెట్టకు. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి. సైకాలజిస్టు ఫీజు గురించి వెనకాడుతుంటే 14416 ఉంది, 'టెలి మానస్'. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళైనా పర్లేదు.

ఈ వారానికి నీకు ఒకటే పని. ఎవరేం అడిగినా వెంటనే ఊఁ కొట్టకుండా "చూసుకుని సాయంత్రం చెబుతాను" అను. సాయంత్రానికి నీకు నిజంగా చెయ్యాలనిపిస్తే హాయిగా చెయ్యి. లేదంటే కుదరదని చెప్పేసి, ఆ పూట నడుం వాల్చు.