నాణెం ముందు చేతికివ్వండి

పదహారణాల తెలుగమ్మాయి అంటాం. జేబు ఖాళీ అయితే చిల్లుకాణీ లేదంటాం. రూపాయికి పదహారు అణాలనే లెక్క 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి రావడంతో పోయింది. మాట మాత్రం పోలేదు. నాణేల చదువు మన నాలుక మీదే ఉందన్నమాట. అయినా అది తమది కాదనుకునేవాళ్లే ఎక్కువ. తప్పు వాళ్లది కాదు, తెలిసినవాళ్లం గుమ్మంలోనే పరీక్ష పెడుతున్నాం.

ఆ పరీక్ష నాకూ ఎదురైంది. ఎనిమిదో తరగతిలో, నానమ్మ పోపులడబ్బాలో దాచిన చిల్లుకాణీ పట్టుకుని నాణేలు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "ఏ టంకసాల? ఏ లోహం?" అన్నారు. తెలియదన్నాను. "ఇలాంటివి బోలెడు" అని తిరిగిచ్చేశారు. చాలా ఏళ్లు మళ్లీ నాణేల జోలికి పోలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, లోహం పొదుపు కోసం నడుమ చిల్లుతో కొట్టడం మొదలుపెట్టిన కాణీ అది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ సాయంత్రమే నానమ్మను కూర్చోబెట్టి యుద్ధం రోజుల కబుర్లన్నీ అడిగేవాణ్ణి. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

అందుకే చెబుతున్నాను. ప్రశ్న తర్వాత, నాణెం ముందు. శాతవాహనుల ఓడ నాణెం బొమ్మను మత్స్యకారుల పిల్లవాడికి చూపించి, తెరచాప కొయ్యలెన్నో చెప్పమనండి. రెండని చెప్పడమే కాదు, ఓడ గురించి వాడు మీకే నాలుగు సంగతులు నేర్పుతాడు. నేర్చుకోండి. పెద్ద పెద్ద పారిభాషిక పదాలెందుకు? బొమ్మ, బొరుసు చాలు.

చూపు లేనివారిని అద్దాల బీరువా ముందు నిలబెట్టి వివరిస్తే ఏం లాభం? ఒక పళ్లెంలో పాత చిల్లర పోసి ముందు పెట్టండి. నలుచదరపు ఐదు పైసలు, అంచు వంపులు తిరిగిన పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు వేళ్లకే తెలిసిపోతాయి. చూపులేనివారు గుర్తుపట్టేలా 2019లో విడుదల చేసిన వరుసలో ఇరవై రూపాయల నాణేనికి పన్నెండు పలకలు. దానితోనే మొదలుపెట్టవచ్చు.

డబ్బున్నవాళ్ల సరదా అనేవారికి, వాళ్ల జేబులోని రూపాయినే తీయమనండి. సంవత్సరం కింద చుక్క గుర్తుంటే దాన్ని కొట్టింది నోయిడా టంకసాల, నక్షత్రం ఉంటే హైదరాబాద్, ఏమీ లేకపోతే కోల్‌కతా.

"అమ్మితే ఎంతొస్తుంది?" అన్నవారిని చిన్నచూపు చూడకండి. అవసరం ఉండి అడుగుతారు. నిజం చెప్పండి. చింతపండు పెట్టి తోమవద్దని కూడా చెప్పండి, తోమితే విలువ పోతుంది. నాణెం కాక ఏ మనవరాలైనా తాతగారి పతకం తెస్తే అంచు చూడమనండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికిచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద సైనికుడి పేరు, పటాలం ఉంటాయి. మనవరాలితోనే ఆ పేరు పైకి చదివించండి.

ఈ ఆదివారం మీ పెట్టె తెరిచి వీధిలో పిల్లల్ని, ముసలమ్మల్ని పిలవండి. మొదటి మాట వాళ్లను చెప్పనివ్వండి.