మెమరీలో మిగిలిపోయిన గోంగూర

పాస్‌వర్డ్ మేనేజర్ అనగానే మనవాళ్ళు డిస్కు మీదున్న ఫైలు గురించే ఆలోచిస్తారు. ఎన్‌క్రిప్ట్ చేశాం కదా, ఇక బెంగ లేదనుకుంటారు. కానీ పాస్‌వర్డ్ వాడాలంటే ఎప్పుడో ఒకప్పుడు మెమరీలో దాన్ని విప్పక తప్పదు. ఆ కాసేపటి సంగతి చూద్దాం.

నేనుండే రెడ్‌మండ్ నుంచి వచ్చిన విండోస్‌లోనే ఇందుకు పనిముట్లున్నాయి. క్రిప్ట్‌ప్రొటెక్ట్‌మెమరీకి ఒక బఫర్ ఇస్తే అక్కడికక్కడే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది (పొడవు 16 బైట్ల గుణిజమై ఉండాలి). వర్చువల్‌లాక్ చేసిన పేజీ పేజింగ్ ఫైల్లోకి పోదు. హైబర్నేట్ చేస్తే మాత్రం డిస్కెక్కుతుంది. ఇక పనయ్యాక మెమ్‌సెట్‌తో సున్నాలు నింపామనుకోండి, 'దీన్ని తర్వాత ఎవరూ చదవడం లేదుగా' అని కంపైలర్ ఆ లైనునే ఎత్తేయవచ్చు. అందుకే సెక్యూర్‌జీరోమెమరీ అని వేరే పెట్టారు.

కీపాస్ 2 తన పాస్‌వర్డ్‌లను మెమరీలో ఎన్‌క్రిప్ట్ చేసే ఉంచుతుంది. అయినా 2023లో దొరికిపోయింది (సి.వి.ఇ. 2023-32784). లోపం ఖజానాలో కాదు, గుమ్మం దగ్గర: మాస్టర్ పాస్‌వర్డ్ టైపు చేసే పెట్టెలో. డాట్‌నెట్‌లో స్ట్రింగ్ ఒకసారి పుట్టాక దాన్ని మార్చలేం. గార్బేజ్ కలెక్టర్ వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. వచ్చినా బైట్లను తుడిచి వెళ్ళాలని లేదు.

మీ పాస్‌వర్డ్ ఇంగ్లీషు అక్షరాల్లో 'గోంగూర' అనుకోండి. రెండో అక్షరం కొట్టగానే ఒక చుక్క, పక్కన 'ఓ' ఉన్న స్ట్రింగ్ మిగులుతుంది. తర్వాత రెండు చుక్కలు, 'ఎన్'. తర్వాత మూడు చుక్కలు, 'జి'. మెమరీ డంపులో వీటిని వెతికి చుక్కలు లెక్కపెడితే ఏ అక్షరం ఎన్నోదో తెలిసిపోతుంది. డేటాబేసు లాక్ చేసి ఉన్నా సరే! మొదటి అక్షరం ఒక్కటే దొరకదు. 'ఓంగుర' చూసిన తెలుగువాడికి అదొక లెక్కా?

2023 జూన్‌లో వచ్చిన 2.54 దీన్ని సరిదిద్దింది. పెట్టెలోని అక్షరాలను డాట్‌నెట్ స్ట్రింగ్‌గా మార్చకుండా నేరుగా విండోస్ ఫంక్షన్లతో తీసుకుంటుంది. పైగా దొంగను తికమక పెట్టడానికి ఉత్తుత్తి ముక్కలు కొన్ని చల్లుతుంది. ఈ రెండోది నాకు భలే నచ్చింది.

ఒకప్పుడు కోడ్ రివ్యూల్లో 'సెక్యూర్‌స్ట్రింగ్ వాడండి' అని నేనే పట్టుబట్టేవాణ్ణి. 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చిన ఆ క్లాసును కొత్త కోడులో వాడొద్దని ఇప్పుడు మైక్రోసాఫ్టే చెబుతోంది. అందులోకి వెళ్ళే ముందో, బయటికి వచ్చాకో పాస్‌వర్డ్ మామూలు స్ట్రింగైతే లాభమేముంది?

పాత కీపాస్ 2 వాడిన లాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చేస్తుంటే, ముందు మాస్టర్ పాస్‌వర్డ్ మార్చండి. పేజింగ్, హైబర్నేషన్ ఫైళ్ళను ఊరికే డిలీట్ చేస్తే చాలదు, డిస్కంతా తిరగరాయండి.